పిట్టకు పెట్టిన విస్తరి

హసన్‌పర్తి,
మార్చి 18.

చిరంజీవి వినయ్‌కు మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. ఆ సరిహద్దు మంచులో నువ్వూ, నీతోటి జవాను పిల్లలూ బాగుండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు రోజూ అనుకుంటున్నాను. అందరం అంటే దొరను కలుపుకునే రాస్తున్నాను. నెల కిందట అయితే ఆ మాట రాయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. ఇప్పుడు వాడు గడప పక్కన గోనెసంచి మీద పడుకుని, నేను రాస్తుంటే ఒక కన్ను తెరిచి చూస్తున్నాడు. కుక్కకు ఏమైందోనని మధ్యలో భయపడి పేజీలు తిప్పుతావని ముందే చెప్పేశాను. ఇక నిదానంగా చదువుకో.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. ఫోన్లో అయితే దొరికేది రెండు నిమిషాలు. వెనక వరసలో మనుషులున్నారని నువ్వు తొందరపడతావు, నాకేమో 'తిన్నావా' అని అడగడానికే ఆ రెండు నిమిషాలూ చాలవు. ఉత్తరమే నయం. మీ బాపు దాన్ని ఆటో స్టాండులోనే విప్పి చదువుకుని, ఇంటికొచ్చి మళ్లీ నాకు చదివి వినిపించాడు, నాకు చదువు రాదన్నట్టు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనదాన్ని. ఆ సంగతి ఆయన ఇరవై ఎనిమిదేళ్లుగా మర్చిపోతూనే ఉన్నాడు.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. నా మోకాలు పర్వాలేదు. బడిలో నూట అరవై మంది పిల్లలకు వంట మునుపటిలాగే సాగుతోంది, అన్నం గంజు దించడానికి ఇప్పుడు ఇంకొకామె తోడుంటుంది. తాత జొన్నచేను కోత అయింది. అరెకరమే కదా, మూడు బస్తాలు వచ్చాయి. మంచె మాత్రం మీ బాపు పీకనివ్వలేదు. నువ్వు పంపిన కిస్మిస్ పొట్లం కూడా చేరింది. 'తాత లేడు కదా, ఆయన వంతు దొరకు పెట్టమ్మా' అని రాశావు. పెట్టలేదు బిడ్డా. విప్పకుండా అటక మీద దాచాను. నీ మీద కోపంతో కాదు. ఎందుకో కింద రాస్తాను.

పిట్ట ముట్టడం అంటే ఏమిటని నీ పక్క మంచం కేరళ అబ్బాయి అడిగాడన్నావు. అతనికి ఇలా చెప్పు. మా దగ్గర మనిషి పోయిన మూడో రోజు ఆయనకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరం దగ్గరికి పోయి, ఆయన మనసులో ఏముందో ఊహించి మాట ఇస్తాం. పిట్ట ముట్టేదాకా చుట్టాల్లో ఎవరూ ముద్ద నోట్లో పెట్టరు.

ఇక నీ అసలు ప్రశ్న. 'తాతకు వెంటనే పిట్ట ముట్టిందన్నావు. నిజమేనా అమ్మా? నా కోసం ఆగలేదా? జనవరిలో వచ్చినప్పుడు, ఇంకో రెండు రోజులుండి, కంకులు కాల్చి రాల్చే ఊచబియ్యం తిని పో అన్నాడు. రైలు టికెట్ ఉందని వచ్చేశాను. అదే కళ్లలో మెదులుతోంది, నిద్ర పట్టడం లేదు' అని రాశావు. ఆ నాలుగు ముక్కలూ కాగితం వెనక్కి గుచ్చుకునేలా రాశావు. నేను వేలితో తడిమి చూశాను. దానికి జవాబు ఉంది. కానీ అది చెప్పాలంటే ముందు దొర జబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే రెండూ ఒకటే సంగతి.

తాత పోయిన రోజు నుంచి దొర తిండి ముట్టలేదు. పాడె వెంట వైకుంఠధామం దాకా వచ్చి, అక్కడే గోడ పక్కన పడుకున్నాడు. ఎంత పిలిచినా ఇంటికి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం మా వెంట వచ్చాడు గానీ సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. మూడు రోజుల పస్తు తర్వాత పొట్ట తిరగబడింది, అంతే అనుకున్నాను. వాము నీళ్లు తాగించాను, పల్చటి మజ్జిగ పోశాను. తెల్లారేసరికి కొంచెం తగ్గినట్టే కనబడింది. దినాల పనుల్లో పడి నేనూ ఊరుకున్నాను. ఆ తర్వాత రోజు వాడు లేచి నిలబడబోయి పక్కకు పడిపోయాడు. చెట్టు కనబడితే ఆగకుండా ఉండలేనివాడు, పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా కాలెత్తలేదు. యాకమ్మ వదినె వాడి పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

మీ మేనత్త సంగతి నీకు తెలుసు కదా, కుక్క గడప తొక్కితే చీపురు తీసే మనిషి. ఆమే నా మీద అరిచింది.

"ఏం జూస్తానవే శోభా, దండం బెట్టుకుంటనా? నాయిన కుక్క గిది. ఆయన ఎనుకనే ఇది గూడ పోతే నేను మా చుట్టాలకు ఏం మొఖం జూపియ్యాలె? రామచందర్, ఆటో తియ్యి!"

హనుమకొండ పశువుల దవాఖానకు పోయాం. వదినె ముందు సీట్లో మీ బాపు పక్కన ఇరుక్కుని కూర్చుంది, నేను వెనక కింద కూర్చుని దొర తల ఒళ్లో పెట్టుకున్నాను. దారి పొడుగునా వాడు నా మొహంలోకే చూశాడు. అలా చూడకపోతే బాగుండేది అనుకున్నాను.

డాక్టరమ్మ చిన్న పిల్ల, నీ ఈడే ఉంటుంది, పేరు అక్షర. చీటీ మీద రాయడానికి కుక్క పేరు అడిగింది. దొర అంటే నవ్వింది. మీ బాపు ఆ కంగారులో కూడా ఆ కథ చెప్పకుండా ఉండలేకపోయాడు. "మా నాయిన చిన్నప్పుడు దొర కాడ జీతమున్నడు మేడం. దొర పిలిస్తే ఉరికేటోడు. గందుకే కుక్కకు ఆ పేరు బెట్టిండు. ఇప్పుడు నేను పిలిస్తే దొర ఉరికొస్తాండు సూడుండ్రి అని ఊరందరికీ చెప్పుకునేటోడు." ఆ పిల్ల నవ్వుతూనే రక్తం తీసింది, పొట్ట నొక్కి చూసింది, కళ్ల రెప్పలు విప్పి చూసింది. నవ్వు పోయింది.

"ఏం తిన్నడమ్మా వీడు? మంచిగ యాది జేసుకొని చెప్పుండ్రి."

"పెరుగన్నం మేడం," అన్నాను.

అది నా మొదటి అబద్ధం కాదు. రెండోది.

ఆమె రక్తం కాగితం వచ్చేదాకా ఆగింది. చూసి తల అడ్డంగా ఊపింది. "పెరుగన్నంతోని కిడ్నీలు గిట్ల కావు. రక్తం గూడ తగ్గింది. ఏం తిన్నడో తెలిస్తే మందు ఆ తీరుగ ఇస్తం. మీ వాడకట్టుల ఎవరన్న ఎలుకల మందు పెట్టిండ్రా?"

అంతే, మీ బాపు లేచి నిలబడ్డాడు. మన పక్కింటి వీరభద్రంతో కోళ్ల గొడవ నీకు తెలిసిందే. "గదే మేడం! వాడే. వాని కోళ్లను దొర ఉరికిచ్చిండని, నీ కుక్క సంగతి జూస్తనని మొన్న నా మొఖం మీదనే అన్నడు. ఇయ్యాల వాని సంగతి నేను జూస్త," అంటూ ఆటో తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. ఆ కోపంలో పోతే ఏం చేసి వస్తాడో నాకు తెలుసు. ఒక పక్క బల్ల మీద కుక్క ప్రాణం, ఇంకో పక్క ఏ పాపమూ ఎరగని వీరభద్రం. తేలు కుట్టిన దొంగలా మధ్యలో నేను.

"ఆగుండ్రి," అన్నాను. "వీరభద్రన్న ఏం జెయ్యలే. పెట్టింది నేను."

"ఏం బెట్టినవ్?"

"మామకు పెట్టిన విస్తరి."

వినయ్, ఇప్పుడు నీకు చెబుతున్నాను. తాతకు పిట్ట ముట్టలేదు.

ఆ రోజు పొద్దున పది గంటలకు విస్తరి పెట్టాం. ఎర్రగా వేయించిన ఉల్లిగడ్డలతో మటన్ కూర, ఎముకలతో సహా. అన్నం, గారెలు, దొప్పలో కల్లు. నువ్వు సంక్రాంతి ముందు తెచ్చిన కిస్మిస్ తాత డబ్బాలో మిగిలి ఉంటే, ఆయన ప్రాణమంతా వాటి మీదే కదా అని ఒక దోసెడు పోశాను. పదకొండు అయింది, పన్నెండు అయింది. ఒక్క కాకి రాలేదు. కోతులు మాత్రం గోడ మీద వరసగా కూర్చున్నాయి. వాటిని కొట్టడానికి మగవాళ్లు నలుగురు కర్రలు పట్టుకుని విస్తరి చుట్టూ కాపలా. ఆ కర్రలు చూసి కాకి ఎలా వస్తుందని ఒక్కరికీ తోచలేదు. నాకూ అప్పటికి తోచలేదు, ఆకలికి బుర్ర పనిచెయ్యలేదు.

మాటలు ఇవ్వడం మొదలైంది. మీ బాపు పోయి "నాయినా, జొన్నచేను అమ్మను, నీ మంచె పీక" అన్నాడు. రాలేదు. యాకమ్మ వదినె పోయి "నాయినా, తమ్మునితోని ఇగ పంచాది పెట్టుకోను" అంది. రాలేదు. నేను పోయి "మామా, దొరను కన్నబిడ్డ లెక్క జూసుకుంట" అన్నాను. దానికీ రాలేదు. ఒంటిగంట దాటింది. ముసలివాళ్లు ఎండకు కూలబడుతున్నారు. అప్పుడు వదినె అంది:

"నాయిన పాణమంత మనుమని మీదనే ఉన్నది. ఉండుమంటె ఉండకపాయె. సచ్చినా రాకపాయె. పిట్ట యాడ ముడుతది?"

ఆ మాట అందరూ పట్టుకున్నారు. ఎవరో "పోరనికి ఫోన్ జేయుండ్రి. తాతా తప్పయిందని ఫోన్ల చెప్పిస్తే ముడుతదేమో" అన్నారు. మీ బాపు నిజంగానే ఫోన్ తీసి, ఎవరికి చేస్తే నీకు కలుపుతారో వెతకసాగాడు.

నాకు ఒళ్లు మండింది. దారులు మూసుకుపోయి, రాలేక, ఏడవడానికి కూడా పక్కన ఒక మనిషి లేక నువ్వు అక్కడున్నావు. నీ నెత్తిన ఈ మాట పడాలా? తాత ప్రాణం నీ వల్ల కొట్టుకుంటోందని నీకు చెప్పాలా? నేను కన్నదాన్ని, నేను చెప్పనివ్వను.

"మీరందరు చెట్టు ఎనుకకు పోండ్రి. కర్రలు జూసి పిట్ట బెదురుతాంది," అని అందర్నీ పంపేశాను. నేనొక్కదాన్నే మిగిలాను. గోడ పక్కన దొర ఉన్నాడు. మూడు రోజుల నుంచి వట్టి మంచినీళ్లతో ఉన్నాడు, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. విస్తరి రెండు చేతులతో ఎత్తి వాడి ముందు పెట్టి, "తిను దొరా, మీ అయ్య పంపిండు" అన్నాను. వాడు నా మొహం చూశాడు, విస్తరి వాసన చూశాడు, తిన్నాడు. అబ్బ, ఎలా తిన్నాడో! కూర, బొక్కలు, కిస్మిస్ ఒక్కటి వదలకుండా. కల్లు దొప్పలో మాత్రం మూతి పెట్టి తుమ్మాడు. నేను ఖాళీ విస్తరిని మళ్లీ దాని జాగాలో పెట్టి, నాలుగు మెతుకులు చుట్టూ చల్లి, "ముట్టింది! ముట్టింది!" అని అరిచాను. చెట్టు వెనక అందరూ దండాలు పెట్టారు. మీ బాపు కూర్చున్న చోటే ఏడ్చాడు. ఆ తర్వాత అందరం అన్నాలు తిన్నాం.

ఆ రాత్రే నువ్వు ఫోన్ చేశావు, నీకూ అదే చెప్పాను. నిజం చెప్పనా, చెబుతుంటే నాకు గర్వంగానే ఉండింది. ఒక దెబ్బకు రెండు పనులు చేశాననుకున్నాను. నీ మీద మాట పడకుండా ఆపాను, పస్తున్న మూగజీవికి కడుపు నింపాను. బడిలో పద్నాలుగేళ్లుగా వండుతున్నాను, నా చేతి వంట తిని ఒక్క పిల్లకు కడుపునొప్పి రాలేదు. అలాంటిది నా కూరే వాడి ప్రాణం మీదికి తెస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఇదంతా ఆ దవాఖాన గదిలో, దొర పక్కన నిలబడి ముగ్గురికీ చెప్పాను. చెప్పేటప్పుడు డాక్టరమ్మ మధ్యలో ఆపి రెండే ప్రశ్నలు వేసింది. కిస్మిస్ ఎన్ని? ఉల్లిగడ్డలు ఎన్ని? జవాబు వింటూనే అవతల మనిషిని కేకేసి సెలైన్ పెట్టించింది. బొక్క ఎక్కడన్నా అడ్డం పడిందేమోనని ఫోటో తీయించింది. దేవుడి దయవల్ల అది లేదు. నేను నిజం చెప్పిన కాసేపటికే వాడి కాలికి సూది ఎక్కింది. ముందు రోజే చెప్పి ఉంటే ఇంకా నయమయ్యేదని ఆమె అనలేదు, నాకే తెలిసింది.

మీ బాపు చేతిలోని ఆటో తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నేను వదినె వైపు చూడలేకపోయాను. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నేను భయపడేది ఆమెకొక్కదానికే. ముక్కు మీద వేలేసుకుని కూర్చుంది. ఇక మొదలుపెడుతుంది, ఏడు తరాలు కడిగేస్తుంది అనుకున్నాను. ఉన్నట్టుండి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుంటే, నవ్వుతోంది.

"ఓ శోభా," అంది కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "పిట్ట యాడికెల్లి వస్తదే? అరవై ఏండ్లు మంచె మీద కూసోని వడిసెల తిప్పినోడు మా నాయిన. ఆయన పేరు జెప్తే హసన్‌పర్తి పిట్టలన్ని పరకాల దాక ఉరుకుతయి. బతికిన్నాళ్లు రాళ్లిచ్చి కొట్టినోని విస్తరి కాడికి అవి ఏం మొఖం బెట్టుకొని వస్తయి? మనకే బుద్ధి లేకపాయె."

నాకు అప్పటిదాకా ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. డాక్టరమ్మ పాపం ఎవర్ని చూడాలో తెలియక సెలైన్ బాటిల్ చూస్తూ నిలబడింది.

మూడు రోజులు వాడు అక్కడే ఉన్నాడు. నేను బడిలో పిల్లలకు వడ్డించి, గంజులు కడిగి, రెండింటికల్లా హనుమకొండ పోయేదాన్ని. ఆ పిల్లతో ఒక రోజు వాదన కూడా పెట్టుకున్నాను. మన తిండే తిని ఊళ్లో ఇన్ని కుక్కలు బతుకుతున్నాయి కదా, మా మామ పదకొండేళ్లు ఇంటి అన్నమే పెట్టాడు కదా అని. ఆమె విసుక్కోలేదు.

"అన్నం విషం కాదమ్మా. మనం దాంట్ల కలిపేదే కొంప ముంచుతది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వాటి రక్తాన్ని తింటయి. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీల మీద పడతయి. కొన్ని కుక్కలకు ఏం గాదు, కొన్నిటికి పిడికెడు గూడ ఎక్కువే, ముందుగాల ఎవరం చెప్పలేం. చాక్లెట్ వద్దు, ఉడికిన బొక్క వద్దు, కల్లు, సారా అసలే వద్దు. ఉప్పుకారం లేని అన్నం, ఉడికిన గుడ్డు, బొక్క తీసిన కోడికూర ముక్క, జర మజ్జిగ, ఇవి పెట్టుకోండ్రి. అవి గూడ అన్ని కుక్కలకు పడయి, కొంచెం కొంచెం పెట్టి చూడాలె." తర్వాత అడిగింది, "మీ మామ కూర కలిపి పెట్టేటోడా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. తాత ఎప్పుడూ కూర వడ్డించకముందే తన పళ్లెంలోంచి రెండు పిడికిళ్ల తెల్లన్నం తీసి పక్కన పెట్టేవాడు. మజ్జిగ పోసి పిసికి దొరకు పెట్టేవాడు. కుక్కకు కూర దండగ అని పిసినారితనం చేస్తున్నాడని నేను నవ్వేదాన్ని. కిస్మిస్ అయితే ఒక్క గింజ ఇచ్చేవాడు కాదు, దొర ముందే కూర్చుని తనొక్కడే తినేవాడు. ఆయనకు ఎవరన్నా చెప్పారో, ఇంకో కుక్కకు ఏదన్నా అయితే చూశాడో, నిజంగా పిసినారితనమేనో నాకు తెలియదు. ఆ మాట ఆయన్ని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు రక్తం కాగితంలో అంకెలు దిగాయి. డాక్టరమ్మ ఆ కాగితం నా చేతికిచ్చి "గండం గడిచింది, ఇంటికి తీస్కపోండ్రి" అంది. మీ బాపు ఆ మూడు రోజులూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఉత్త విస్తరికి ఏడిపించావు కదా అన్నది ఆయన బాధ. న్యాయమే కదా. ఆ కాగితం చూశాక బయటికి పోయి రెండు చాయ్‌లు తెచ్చాడు, ఒకటి నాకిచ్చాడు. "వీరభద్రం కాడికి పోతే పోలీస్ స్టేషన్ల పడుతుంటి" అన్నాడు. అదే ఆయన క్షమించడం. ఆ చాయ్‌లో చక్కెర ఎక్కువైంది, అయినా అంత మంచి చాయ్ నేను ఈ మధ్య తాగలేదు.

బిడ్డా, నేను నీకు అబద్ధం చెప్పాను. నీ మేలు కోసమే చెప్పాను, అయినా అబద్ధమే. అది రెండు రోజులు కడుపులో పెట్టుకున్నందుకు ఒక ప్రాణం పోబోయింది. అందుకని ఇప్పుడు ఏదీ దాచకుండా రాస్తున్నాను, పిట్ట ముట్టలేదని విని నువ్వు కుమిలిపోతావేమోనని భయపడుతూనే రాస్తున్నాను. నువ్వు కుమిలిపోవద్దు. తాత నీ మీద కోపంతో పోలేదు. నువ్వు వెళ్లిన రెండో రోజు చేనులో కంకులు కాల్చి ఊచబియ్యం రాల్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. తన వంతు తిన్నాడు, నీ వంతని పక్కన పెట్టిన గింజలు కూడా బెల్లం నంజుకుని తిన్నాడు. "మనుమని వంతు గూడ నేనే తిన్న. వానికి రాయకుండ్రి, మల్లొచ్చి కొట్లాడుతడు" అని నవ్వాడు. అలా నవ్విన మనిషి ప్రాణం నీ మీద బెంగతో ఎందుకు కొట్టుకుంటుంది చెప్పు? నువ్వు దేశం పని మీద ఉన్నావని ఆయన ఆటో స్టాండు అంతా చెప్పుకుని తిరిగేవాడు. ఇకనైనా నిద్రపో.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మొన్న శుక్రవారం తాత నెల మాసికం పెట్టాం. యాకమ్మ వదినె రెండు విస్తళ్లు తెమ్మంది. ఒకదాంట్లో ఎప్పటిలాగే అన్నీ వడ్డించింది. రెండోదాంట్లో ఉప్పు వెయ్యని అన్నం, చిదిమిన గుడ్డు పెట్టి, మీద కొంచెం మజ్జిగ పోసింది. వైకుంఠధామంలో చుట్టాలందరూ చూస్తుండగా గట్టిగా అంది:

"పిట్టలకు పెట్టేది పిట్టలకు పెట్టుండ్రి. గీ విస్తరి మాత్రం దొరది. ఎవరన్న కాదంటే నాకాడికి రండ్రి."

ఎవరొస్తారు ఆమె దగ్గరికి! కానీ నా భయం నాది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి దొర నా అరచేతిలోంచి నాకడమే తప్ప, తనంతట తాను ఒక్క పూట కూడా గిన్నెలో మూతి పెట్టలేదు. ఇంతమందిలో తినకపోతే? మళ్లీ అందరూ నీ పేరు ఎత్తితే? వదినె విస్తరి కింద పెట్టి వెనక్కి జరిగింది. దొర వచ్చాడు. వాసన చూశాడు. తల ఎత్తి తాతను కాల్చిన చోటు వైపు చాలాసేపు చూశాడు. ఇంతలో పిట్టల విస్తరిని ఒక కోతి ఎత్తుకుపోయింది, దాన్ని ఎవరూ అదిలించలేదు కూడా.

దొర మూతి దించాడు. మెల్లగా, మెతుకు మెతుకూ, విస్తరాకు నున్నగా అయ్యేదాకా తిన్నాడు.

మీ మేనత్త రెండు చేతులెత్తి దండం పెట్టింది. మీ బాపు గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, అందరూ వినేలా అన్నాడు: "శోభా, పోరనికి రాయి. తాతకు ముట్టిందని రాయి."

రాస్తున్నాను బిడ్డా. ముట్టింది.

ఇట్లు,
నీతో ఇక ఏదీ దాచని మీ అమ్మ,
శోభారాణి.